బోల్డులో లేని చుక్క

“చదవండి సార్,” అన్నాడు పెంచలకృష్ణ మళ్ళీ. “ఇరవైమూడో పేజీ. పైన్నించి నాలుగో వరస. అందరికీ వినపడేటట్టు చదవండి.”

మోకాళ్ళ దాకా అంటుకున్న రొయ్యల గుంట బురద ఎండి తెల్లబారింది. పొద్దున నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గర మొదటి రొయ్య వెల్లకిలా తేలినప్పటి నుంచి అతను ఇంటికి పోలేదు, ముఖం కడగలేదు. నేరుగా ఇందుకూరుపేటలో తన లెక్కల మాస్టారి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మాస్టారి భార్య ఆదిశేషమ్మ తెచ్చిపెట్టిన కాఫీ అరుగు మీదే చల్లారిపోయింది.

పద్మనాభయ్య గారు కళ్ళజోడు సవరించుకున్నారు. జూనియర్ కాలేజీలో ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన గొంతు అది, ఇప్పటికీ వీధి చివరికి వినపడుతుంది.

“మైలుతుత్తం. ఎకరాకి ఒకటిన్నర కిలో,” అని చదివారు.

“ఒకటిన్నర యాడుంది సార్? వేలు పెట్టి చూపించండి.”

ఆయన వేలు పెట్టారు. వేలు అక్కడే ఆగింది. పుస్తకాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నారు, మళ్ళీ దూరంగా పట్టుకున్నారు. తాను రాసిన అంకెనే ఇంతసేపూ చదివారు గానీ అచ్చయిన అంకెను చూడలేదని తెలియడానికి ఆయనకి నిమిషం పట్టింది. అక్కడున్నది పదిహేను. ఒకటికీ అయిదుకీ మధ్య వెంట్రుకంత ఎడం ఉంది. ఆ ఎడంలో చుక్క లేదు.

“పదిహేనే ఏసినా సార్. ఎకరాకి పదిహేను లెక్కన రెండెకరాలకీ ఏసినా. అంగట్లో అబ్బి అడిగినాడు, ఇంత ఎందుకన్నా అని. మా సారు పుస్తకంలో ఉండాదిరా, మా సారు రాస్తే తప్పుండదు, నువ్వు తూకం ఎయ్యి అని చెప్పినా.” పెంచలకృష్ణ ఆ వరసనే మళ్ళీ వేలితో పొడిచాడు. “నాచు పోతాదని ఏసినా. నాచూ పొయ్యింది, నీళ్ళల్లో గాలీ పొయ్యింది. డెబ్బై దినాల పంట సార్.”

తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డ మాస్టారి కోడలు జయశీలకి కాళ్ళు లోపలికి పొమ్మంటున్నాయి, కళ్ళు మాత్రం ఆ పేజీని వదలడం లేదు.

ఆ అరవై పేజీల ‘గుంట లెక్కలు’ ఈ ఇంట్లోనే పుట్టింది. గుంటలో నీళ్ళెన్ని, ఉప్పెంత, ఏ మందు ఎంత అన్నీ సూత్రాలతో సహా తెలుగులో చెప్పే పుస్తకం. రాసింది పద్మనాభయ్య గారు. మందుల మోతాదులు చెప్పింది ఆయన కొడుకు మాల్యాద్రి, నీళ్ళు పరీక్షచేసే ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్. పేజీలు పేర్చింది, ఆ పేజీల్లోని ప్రతి అక్షరాన్నీ ప్రతి అంకెనీ కంప్యూటర్లో గీసి ఫాంటుగా తయారు చేసింది కోడలు జయశీల. అట్ట మీద మొదటి రెండు పేర్లే ఉన్నాయి. మూడోది వెయ్యాలని ఎవరికీ తట్టలేదు, ఆమెకి కూడా.

మాల్యాద్రి తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సంగతి తెలిసేసరికి తువ్వాలు చేతిలోనే ఆగిపోయింది.

“ఇది ప్రెస్సోడి తప్పు పెంచలా,” అన్నాడు. ఆలోచించి అన్నది కాదు. మీద ఏదో పడబోతుంటే చెయ్యి అడ్డం పెడతామే, అట్లా వచ్చిన మాట. కానీ ఒకసారి అన్నాక అది అతనికే బాగా నచ్చింది. “నూటికి నూరు పాళ్ళు వాడిదే. మేం చుక్కలు పెట్టే పంపినాం. నాయన రెండుసార్లు ప్రూఫు చూసినాడు. ఔనా నాయనా?”

“చూశాను,” అన్నారు పద్మనాభయ్య గారు. “చుక్కలున్నాయి.”

ఆయన అబద్ధమాడలేదు. ఆయన చూసిన కాగితాల్లో చుక్కలున్నాయి. జయశీలకి గుర్తొచ్చింది కూడా అక్కడే. ఆయన చూసిన తర్వాత ఆ కాగితాల్లో ఒక మార్పు జరిగింది.

మాల్యాద్రి అప్పటికే నెల్లూరుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ప్రెస్సు మాథ్యూ “హలో” అనేలోగానే ఒంటికాలి మీద లేచాడు. చుక్కలు మింగేశావన్నాడు, గుంట చంపేశావన్నాడు, అచ్చు యంత్రంలో సిరా లేకుండా కొట్టావన్నాడు. మాథ్యూ అంతా విన్నాడు.

“అన్నా, మీరు పంపింది పీడీఎఫ్,” అన్నాడు చివరికి. “అందులో ఉండేదే నా అచ్చు ప్లేటు మీద పడతాది. నేను చుక్క తియ్యాలన్నా తియ్యలేను, పెట్టాలన్నా పెట్టలేను. సిరా లేకపోతే అక్షరాలు కూడా పోవాల గదా? మేడమ్‌ను ఒకసారి ఫైలు తెరిచి చూడమనండి.”

“మేడమ్ చూడాల్సిందేం లేదు!” అని మాల్యాద్రి ఫోన్ పెట్టేశాడు.

పెంచలకృష్ణ ఒక్కసారి అందరి ముఖాలూ చూశాడు. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియక పొద్దుట్నుంచి రగులుతున్న మనిషి. ఇప్పుడు దానికో చిరునామా దొరికింది.

“ఆ ప్రెస్సు నెల్లూర్లో యాడన్నా?”

మాల్యాద్రి చెప్పాడు. సందుతో సహా చెప్పాడు. పెంచలకృష్ణ మెట్ల మీద నుంచే బావమరుదులకి ఫోన్ చేస్తూ బండెక్కాడు.

పుస్తకం పద్మనాభయ్య గారి ఒళ్ళోనే ఉండిపోయింది.

*

జయశీల గది ఇంటి వెనక, ఒకప్పుడు వడ్ల బస్తాలు వేసుకున్న గది. పెళ్ళికి ముందు మద్రాసులో గణితం పత్రికలకి పేజీలు కూర్చే కంపెనీలో నాలుగేళ్ళు చేసింది. ఇంగ్లీషు అక్షరాలకైతే వర్గమూలం, సమాకలనం, భిన్నం గీత అన్నీ కొలత పెట్టి కుట్టినట్టు అమరిపోయేవి. తెలుగు పెట్టి చూస్తే ఒత్తులన్నీ కిందికి దిగి భిన్నం గీతను తన్నేవి. గుడి దీర్ఘాలు పై వరసలోకి దూరేవి. తెలుగులో సైన్సు పుస్తకం వికారంగా ఉంటుందంటే అందుకే ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. సూత్రమూ తెలుగూ ఒకే ఒరవడిలో ఒదిగే ఫాంటు ఒకటి చెయ్యాలని ఆరేళ్ళుగా ఈ గదిలో కూర్చుంది. పేరు ‘పెన్నేరు’ అని పెట్టుకుంది.

సోమవారం మద్రాసు నుంచి ఒక ప్రచురణ సంస్థ వాళ్ళు మాట చెప్పాలి. డిగ్రీ సైన్సు పుస్తకాల వరస మొత్తం తెలుగులో వేస్తున్నారు, పెన్నేరులో వేద్దామని ముప్పాతిక వంతు ఒప్పుకున్నారు.

ముందుగా మామూలు అక్షరాల ఫైలు తెరిచింది. ఫాంటంటే గళ్ళ కాగితం లాంటిదే, ఒక్కో గడిలో ఒక్కో గుర్తు. దశాంశ చుక్క గడిలో చుక్క ఉంది, అంకెల నడుం ఎత్తులో, చక్కగా ఉంది.

ఆ ఎత్తు మామగారి పట్టుదల. నల్లబల్ల మీద ఆయన ఎప్పుడూ చుక్కను మధ్యలోనే పెట్టేవారు. “కింద పెడితే అది ఫుల్‌స్టాపమ్మా, దశాంశం కాదు,” అని ఒక వారమంతా వెంటపడితే అన్ని ఫాంట్లకీ ఉండే కింది చుక్కను వదిలేసి, రెండంకెల మధ్య వచ్చినప్పుడు మాత్రం పైకెక్కే చుక్కను విడిగా ఒక గడిలో గీసింది.

తర్వాత బోల్డు ఫైలు తెరిచింది. లావు అక్షరాలకి వేరే ఫైలు, అన్నీ మళ్ళీ గీసుకోవాలి. అదే గడి దగ్గరికి వెళ్ళింది.

గడి ఖాళీగా ఉంది.

గడిని తెరిచింది, వెడల్పు ఇచ్చింది, లోపల ఏమీ గియ్యలేదు. గడే లేకపోయుంటే కంప్యూటరు కొట్టివేసిన పెట్టె గుర్తు పెట్టి గోల చేసేది. గడి ఉంది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకుంది. దాని పక్కనే మార్చిన తేదీ ఉంది. ఆ తేదీ జయశీల మర్చిపోలేదు. అత్తగారికి కంటి ఆపరేషన్ జరిగిన రోజు. గడి తెరిచేసరికి ఆటో వచ్చింది. తిరిగొచ్చి గీద్దామనుకుంది. పదిహేను రోజులు కంట్లో చుక్కల మందు వేసే పనిలో పడింది, ఆ తర్వాత గీసేశాననుకుంది.

పుస్తకం ప్రూఫు మామూలు అక్షరాల్లో వెళ్ళింది, మామగారు రెండుసార్లు దిద్దారు. మర్నాడు కోట ఊళ్ళో రైతుల మీటింగు అనగా ఆ సాయంత్రం మాల్యాద్రి ల్యాబు నుంచి ఫోన్ చేశాడు. మోతాదులన్నీ బోల్డు చెయ్యి, రైతులకి కళ్ళకి కొట్టినట్టు కనపడాలి, పది నిమిషాల్లో పంపు, ప్రెస్సోడు కాచుకోనుండాడు అన్నాడు. ఆమె ఎనిమిది నిమిషాల్లోనే పంపింది. మళ్ళీ ఎవరూ చూడలేదు.

తప్పు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. తెర మీద కళ్ళెదుటే ఉంది, కాయితం ముక్కలా తెల్లగా. జయశీలకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పమంటే ముందు తన మీద.

లేవకుండా పుస్తకం మొదటి నుంచీ చివరిదాకా బోల్డులో దశాంశాలు వెతికింది. నలభై ఒకటి ఉన్నాయి.

*

వంటింట్లో మాల్యాద్రి నిలబడే ఇడ్లీ తింటున్నాడు, డ్యూటీకి టైమయిందని. జయశీల చెప్పడం మొదలుపెట్టింది. గడి అంది, వెడల్పు అంది, బోల్డు అంది, నలభై ఒక్క చోట్ల అంది. అతను నములుతూ విన్నాడు, నమలడం ఆపి విన్నాడు.

“సరే, ఆ చుక్క పెట్టేదానికి ఎంతసేపు పడతాది?”

“అరనిమిషం.”

“అయితే పెట్టెయ్. పెట్టి గమ్మునుండు.”

“అచ్చయిన ఎనిమిది వందల పుస్తకాల్లో ఎవరు పెడతారు?”

“అది ప్రెస్సోడి తప్పని చెప్పినాం గదా.”

“మీరు చెప్పినారు.”

“ఏమంటావు ఇప్పుడు? ఊరంతా దండోరా ఎయ్యమంటావా? ఫాంటులో గడి ఖాళీ అని చెప్తే అర్థమయ్యేవాడు ఈ మండలంలో ఒక్కడుండాడా?”

“అర్థం కాదని మాథ్యూ గారి నెత్తిన పెడతామా? పెంచలకృష్ణ మనుషుల్ని వేసుకోని పోయినాడు. మీరే సందు చెప్పి పంపించినారు.”

మాల్యాద్రి పళ్ళెం గట్టు మీద పెట్టాడు. చప్పుడయ్యేట్టే పెట్టాడు.

“ఆరేండ్లు కూర్చున్నావు జయా ఆ పెట్టె ముందర. ఆరేండ్లు! ఒక్క చుక్క పెట్టలేకపోయినావా?”

ఈ మాట ఎప్పుడో వస్తుందని ఆమెకి తెలుసు. వస్తే ఏడుస్తాననుకుంది గానీ నోరు దానంతటదే లేచింది.

“బోల్డు చెయ్యమన్నదెవరు?”

“బోల్డు చెయ్యమన్నా, చుక్కలు తియ్యమన్నానా?”

“పది నిమిషాల్లో పంపమన్నదెవరు? ఇంకో ప్రూఫు తీద్దామంటే వద్దన్నదెవరు?”

“నువ్వనలేదు ఆ మాట!”

నిజమే, అనలేదు. అనాలనుకుంది, అంతే. అనాలనుకున్న మాటలన్నీ అన్నట్టే గుర్తుండిపోవడం ఈ మధ్య ఆమెకి అలవాటైపోయింది.

“ఈ ఆరేళ్ళలో,” అంది గొంతు తగ్గించి, “నా గదిలోకి వచ్చి ఏం చేస్తా ఉండావని ఎన్నిసార్లు అడిగినారో చెప్పండి.”

“ఎందుకు రాలేదు? మొన్న వచ్చినా గదా.”

“వైఫై పెట్టె ఆర్పి వెలిగించేదానికి వచ్చినారు.”

జవాబు దొరకనప్పుడు మనిషి మెత్తబడతాడు, లేదా మెత్తబడ్డట్టు మాట్లాడతాడు. మాల్యాద్రి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“నేను నీ కోసమే చెప్తా ఉండా. సోమవారం మద్రాసోళ్ళు మాట చెప్పాల్సింది నీకు. అంకెల్లో చుక్కలు లేని ఫాంటని వాళ్ళ చెవిన పడితే, ముట్టుకుంటారా? సైన్సు పుస్తకాలు! నీ ఆరేండ్లూ గుంటలో పొయ్యేది అప్పుడు. నా ఉద్యోగం సంగతి తర్వాత, ఆ మోతాదుల కింద నా పేరుంది. నాయన పేరుంది. అందరం మునిగేదానికంటే ఆ మాథ్యూ నాలుగు మాటలు పడితే ఏం పోతాది?”

అతను చెప్పిన దాంట్లో మద్రాసు ముక్క నిజం. అదే ఆమెను కాల్చింది. ఈ మాట అతను చెప్పకముందే, ఆ ఖాళీ గడి ముందు కూర్చున్నప్పుడే, తన బుర్రలోనూ వచ్చింది. వచ్చిందని ఆమెకి తెలుసు.

భుజం మీది చెయ్యి తీసేసి వెనక్కి తిరిగింది. గుమ్మంలో పద్మనాభయ్య గారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో.

“మామయ్యా, మీరైనా చెప్పండి,” అంది. ఆమెకి ఆయన మీద నమ్మకం ఉంది. విద్యార్థి అయిదు తప్పులు చేసినా ఎర్రసిరాతో ఒక్కొక్కటీ గుండ్రం చుట్టి, ఎందుకు తప్పో పక్కన రాసే మనిషి ఆయన. తప్పును తప్పనడానికి ఈ ఇంట్లో ఆయన కంటే ఎవరున్నారు?

“చుక్క పైకి ఎత్తమన్నది నేను,” అన్నారాయన.

“అది తప్పు కాదు మామయ్యా. గియ్యనిది నేను.”

“అది కాదమ్మా నేను చెప్పేది.” ఆయన గడప దాటి లోపలికి రాలేదు. “ముప్పై అయిదేళ్ళు ఒకరి తప్పులు దిద్దాను. ఈ మండలంలో ఇంటికొకడు నా దగ్గర చదువుకున్నవాడు. పెంచలకృష్ణ అంగట్లో ఏమన్నాడో విన్నావు గదా? మా సారు రాస్తే తప్పుండదన్నాడు. ఇప్పుడు నా పుస్తకంలో నలభై తప్పులున్నాయని నేను నా నోటితో చెప్పాలా?”

“అయితే?”

“అయితే… నాకు తెలియదు.”

“తెలియదంటే ఎట్లా మామయ్యా?”

“తెలియదనే అంటున్నా!”

ఆయన గొంతు పెంచడం పెళ్ళైన ఈ ఎనిమిదేళ్ళలో ఆమె వినలేదు. కుక్కర్‌లో పప్పు ఉడుకుతున్న చప్పుడు. జయశీలకి ఆ ముగ్గురి మీదా, తనతో కలిపి, చెప్పలేనంత విసుగు పుట్టింది. ఒకరికి పేరు, ఒకరికి ఉద్యోగం, తనకి సోమవారం. అక్కడ గుంటలో రొయ్యలు తేలుతున్నాయి, ఇక్కడ వంటింట్లో పంచాయితీ.

పొయ్యి దగ్గర ఆదిశేషమ్మ ఇటు తిరగకుండానే అడిగింది.

“బోల్డు అంటే ఏందే జయా? లావు అక్షరాలేనా?”

“ఔనత్తా.”

“అట్లయితే, ఆ పుస్తకం చదివి ఈ పొద్దు మందేసే వాళ్ళు ఇంకెంతమంది ఉండారు?”

ముగ్గురూ ఇంతసేపూ తప్పు ఎవరిదని కొట్లాడుకున్నారు గానీ ఈ ప్రశ్న ఒక్కరూ వేసుకోలేదు.

జయశీల ఒక్క అంగలో వరండాలోకి వెళ్ళి పుస్తకం తెచ్చింది. ముప్పై ఒకటో పేజీ తీసింది. మబ్బు పట్టినప్పుడు నీళ్ళల్లో వేసే మందు. ఎకరాకి అర లీటరు. అచ్చులో ‘0·5’ అని ఉండాలి, ‘05’ అని ఉంది. అయిదు లీటర్లనుకుని పోసేస్తారు. నిన్న సాయంత్రం నుంచి అల్పపీడనం మబ్బు. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఎవరి గుంట గట్టున వాళ్ళు ఆకాశం చూసుకుంటూ ఉంటారు ఈ పాటికి.

“గ్రూపులో పెట్టండి,” అంది మాల్యాద్రితో. రైతుల వాట్సాప్ గ్రూపు అతనిదే, అతను తప్ప ఇంకొకరు అందులో రాయడానికి లేదు. “పుస్తకం ముట్టుకోవద్దని పెట్టండి. ఇప్పుడే.”

ఈసారి మాల్యాద్రి వాదించలేదు. ఫోన్ తీసి బొటనవేళ్ళతో టకటకా కొట్టాడు. పంపాక ఆమె చేతికిచ్చాడు, చూసుకో అన్నట్టు.

‘రైతు సోదరులకు మనవి. ప్రెస్సు వారి పొరపాటు వలన ఇరవైమూడో పేజీలో మైలుతుత్తం ఒకటిన్నర కిలో బదులు పదిహేను అని పడినది. సవరించుకోగలరు.’

“ఇదేంది?”

“పెట్టినా గదా.”

“నలభై ఒక్కటుంటే ఒక్కటి రాసినారు! అది కూడా మాథ్యూ గారి పేరు మీద!”

“పుస్తకమే వద్దంటే నవ్వుతారు జయా. ఒకటైతే పొరపాటు, నలభై అయితే ఏమంటారు? మిగతావి ఒక్కొక్కటే రెండు మూడు దినాల్లో…”

“రెండు మూడు దినాలు మబ్బు ఆగుతుందా?”

అప్పుడే ఆ మెసేజి కింద ఒకటి వెనక ఒకటి బొటనవేలి గుర్తులు పడుతున్నాయి. దండం పెట్టిన చేతులు. రైతులందరూ తృప్తిగా సవరించుకుంటున్నారు. ఒక అంకె సరిచేసుకుని, మిగతా పుస్తకాన్ని ముందుకంటే గట్టిగా నమ్ముతున్నారు. జయశీలకి ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, అతనికిచ్చేసింది. తప్పు చెయ్యడం కంటే ఆ తప్పును చెప్పుకోవడం ఎక్కువ కష్టంగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

అప్పుడు ఆమె ఫోనే మోగింది. మాథ్యూ.

*

“మేడమ్,” అన్నాడు. వెనకనుంచి నాలుగైదు గొంతులు ఒకేసారి అరుస్తున్నాయి, ఏదో ఇనుప బల్ల ఈడుస్తున్న చప్పుడు. “మీవాళ్ళు వచ్చినారు. నా ప్లేట్లు బయటేసినారు. నేనేం చెప్పినా వినడం లేదు. ఒక్క మాట అడగతా, నిజం చెప్పండి. మీరు ఫైలు చూసినారా?”

జయశీల తలెత్తింది. ఎదురుగా మాల్యాద్రి వద్దని తల ఊపుతున్నాడు. పద్మనాభయ్య గారు గడప బయట నేల చూస్తున్నారు.

“స్పీకర్ పెట్టండి మాథ్యూ గారూ,” అంది. “పెంచలకృష్ణకి వినపడాలి.”

“జయా!”

“పెంచలకృష్ణా, నేను జయక్కను. ఆయన తప్పు లేదు. ఆయన మా ఫైలే అచ్చు కొట్టినాడు. తప్పు నాది. ఆ అంకెలు నేను తయారుచేసినవి. లావు అంకెల్లో చుక్క గియ్యడం మర్చిపోయినాను. ఇంకా నలభై చోట్ల అట్లనే ఉండాది. ఆ పుస్తకం చూసి ఎవరూ మందు వెయ్యొద్దు.”

చెప్పేసింది. సోమవారం పోయింది, పెన్నేరు పోయింది, అయినా ఊపిరి కొంచెం లోపలి దాకా వెళ్ళింది.

అవతల అరుపులు ఆగాయి. పెంచలకృష్ణ మాట్లాడేసరికి ఆ గొంతులో కోపం లేదు. జాలి ఉంది.

“నువ్వెందుకక్కా మధ్యలో? నీ చేత చెప్పిస్తా ఉండారా?”

“ఎవరూ చెప్పించలేదు. నిజంగా నేనే…”

“అంకెలు నువ్వు తయారుచేసేదేందక్కా? అక్షరాలు ఇంట్లో కూర్చోని తయారుచేస్తారా ఎవరన్నా? కంప్యూటర్లోనే ఉంటాయి గదా.” వెనక ఎవరో నవ్వారు. “అన్నేమో ప్రెస్సోడు అంటాడు. ప్రెస్సోడేమో మీరు అంటాడు. ఇప్పుడు కోడలి మీద తోసినారు. ఇంత బతుకు బతికి సారు ఇట్ట చేస్తాడనుకోలేదు.”

జయశీల మళ్ళీ చెప్పింది. గడి గురించి చెప్పింది, ఆరేళ్ళ గురించి చెప్పింది, గొంతు పెంచి చెప్పింది. ఎంత చెప్తే అంత అబద్ధంలా వినపడుతోందని ఆమెకే తెలుస్తోంది. ఈ ఫాంటు తనదని ఈ ఊళ్ళో మొదటిసారి నోరు తెరిచి చెప్పుకుంటే, అదీ నేరం ఒప్పుకోవడానికి చెప్పుకుంటే, నమ్మేవాళ్ళు లేరు.

“నువ్వు ఫోను సారుకియ్యక్కా,” అన్నాడు పెంచలకృష్ణ. “ఆయన్ను చెప్పమను. ఆయన నోటి నుంచి వింటా.”

ఆమె ఫోన్‌ను గడప మీదుగా పద్మనాభయ్య గారి ముందుకి చాచింది. వెనక్కి తీసుకోలేదు. మాల్యాద్రి “నాయనా, వద్దు,” అన్నాడు. ఆదిశేషమ్మ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది.

ఆయన ఫోన్ అందుకున్నారు.

“పెంచలకృష్ణా. నేను సారును.”

“చెప్పండి సార్. రాసింది మీరే గదా?”

“రాసింది నేనే,” అన్నారు పద్మనాభయ్య గారు. కోడలి వైపు చూడలేదు. “రాసినదాన్లో తప్పు లేదు. అంకెలు చేసింది మా కోడలు. ప్రతి అంకె, ప్రతి అక్షరం ఆ పిల్లే గీసింది. ఆరేళ్ళు గీసింది.”

పెళ్ళైన తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఒకరు పైకి అనడం అదే మొదలు. ఆయన తన పక్కన నిలబడ్డారో, తనను ముందుకి తోసి పక్కకి తప్పుకున్నారో జయశీలకి తెలియలేదు.

అవతల నుంచి పెంచలకృష్ణ గొంతు వచ్చింది. అందులో ఇందాకటి జాలి లేదు.

“అయితే సార్, అక్కను నా గుంట కాడికి రమ్మనండి. వచ్చి చూడమనండి.”